పొగకోటలో ఆఖరి తేనెకుండ

మణికూట నగరపు కోటగోడ మీద వరసగా రాతి ఏనుగు తలలు ఉండేవి. దంతాలకు బంగారు రేకు, నుదుట పగడాల పట్టీ, చెవులకు ఇత్తడి గంటలు. వానాకాలం వస్తే కోటలో కురిసిన నీరంతా వాటి తొండాల్లోంచి ధారలు కట్టి అగడ్తలోకి దూకేది. గంటలు మోగేవి. ఆ వేడుక చూడటానికి పొరుగు రాజ్యాల వాళ్ళు బళ్ళు కట్టుకుని వచ్చేవారు. ఈ శ్రావణంలోనూ ఏనుగులు ఉన్నాయి, ధారలు ఉన్నాయి, గంటలూ మోగుతూనే ఉన్నాయి. తల ఎత్తి చూసే ప్రాణి మాత్రం ఒక్కటీ లేదు.

కారణం పొగ. కోట నడిబొడ్డున ధూమ్రకేశుడనే మాంత్రికుడు వెలిగించిన మహాకుండం నుంచి విరిగిన పాల రంగు పొగ లేచి, వానకు అణగకుండా, గాలికి చెదరకుండా వీధుల్లో మోకాలెత్తున పారుతోంది. ఈ ధూమ్రకేశుడు నిరుడు ఆస్థానానికి వైద్యుడిగా వచ్చాడు. మహారాజు తలనొప్పికి సాంబ్రాణి లాంటిదేదో వేశాడు. తలనొప్పి తగ్గింది. దాంతోపాటు తలలో ఉన్న మిగతావీ తగ్గిపోయాయి. రాజు తన పేరు మరిచాడు, మంత్రులు తమ పని మరిచారు, నగరం మొత్తం ఎవరేం చెప్పినా తలూపడం నేర్చుకుంది. తప్పించుకున్నది ఒక్క యువరాజు వీరధవళుడే. వేటకు పోయి రావలసిన నాటికి రాకపోవడం వల్ల బతికిపోయాడు. ఆలస్యం అమృతం విషం అంటారు గానీ, అతని విషయంలో సామెత తిరగబడింది.

ఆ యువరాజు ఇప్పుడు కావడి మోస్తున్నాడు. నడుముకు చిరుగుల గోచీ, ఒంటికి బొగ్గుమసి. కావడికి ఒకవైపు తేనె జాడీ, రెండోవైపు మూతకు మట్టి మెత్తిన పెద్ద కుండ. ఆ కుండలో ప్రాణాలతో ఉన్న తేనెటీగలు. ముందు నడుస్తున్నవాడు జుంటిగూడెం ఏచన. ఈగలను సాకడం అతని కులవృత్తి. మొన్నమొన్నటిదాకా గూడెంలోకెల్లా ఒత్తైన మీసం అతనిది. తేనె బండిని తగలబెట్టి భటులను లోయలోకి తోసిన మీసాల ఏచన తల తెమ్మని ధూమ్రకేశుడు చాటింపు వేయించాక ఆ మీసం, జుట్టుతో సహా, వాగులో కొట్టుకుపోయింది. ఇప్పుడతని పేరు సూరడు.

"నడక మార్చు దొరా," అన్నాడు ఏచన వెనక్కి తిరక్కుండా. "కావడోడు అలా రొమ్ము ఇరుసుకుని నడవడు. మోకాలు వంచు. కుండ ఊగితే లోపల పట్లు ఇరిగిపోతాయి."

"భుజం పుండైంది ఏచనా."

"సూరడు అను. పుండైతే మంచిదే. మానితే కాయ కాస్తాది."

కోట కనుచూపు మేరలో ఉందనగా ఇద్దరూ ఒక రాతిచరియ కింద ఆగారు. ఏచన నడుముకు పొగముంత పక్కన వేలాడే సొరబుర్ర తీసి వావిలాకు పసరు తానింత తాగి, యువరాజు చేత ఇంత తాగించాడు. అది కడుపులో ఉన్నంతసేపు పొగ తలకెక్కదు. దీపాలు పెట్టే వేళ దాటితే దాని బలం పోతుంది. ఆ తరువాత వాళ్ళిద్దరూ కోటలో ఉంటే, కోటలో ఉన్నవాళ్ళలో ఇద్దరు పెరుగుతారంతే.

వీరధవళుడు మూతి తుడుచుకుని అడిగాడు. "మీరు కూడా ఈగలకు పొగ పెడతారు గదా. పొగ అసలు ఏం చేస్తుంది?"

"ఈగకి పొగ తగిలిందనుకో. అడవి అంటుకుందనుకుంటాది. ఇల్లు ఒదిలి పోవాలి గదా, దారిబత్తెం గావాల గదా. లోపలికెల్లి పొట్ట పగిలేలా తేనె తాగేస్తాది. పొట్ట నిండిన ఈగ నడుం వంచనేదు. నడుం వంచకపోతే కుట్టనేదు. అప్పుడు మనం చెయ్యెట్టి పట్టు కోసుకుంటాం."

"కోటలో రోజూ అందరికీ పాయసం పోయిస్తున్నాడట," అన్నాడు యువరాజు.

"పోయిస్తాడు మరి. పని తెలిసినోడే."

జుంటిగూడెం వాళ్ళు ఇళ్ళ మట్టిగోడల్లోనే కుండలు అడ్డంగా పొదిగి ఈగలను పెంచుతారు. మాఘం ఈగలు చీలే కాలం. కుండలో కొత్త రాణి పుట్టబోతుంటే పాత రాణి సగం మందితో బయటికొచ్చి ఏ కొమ్మకో గుత్తిగా వేలాడుతుంది. ఆడవాళ్ళు బుట్ట పట్టి దాన్ని దింపుకొచ్చి కొత్త కుండకు కాపురం పంపుతారు. చైత్ర వైశాఖాల్లో ఇప్ప, వేప, కానుగ పూస్తాయి, అప్పుడు కోత. జ్యేష్ఠం దాటిందంటే కుండ జోలికి పోకూడదు. వాన విడవదు, పువ్వు ఉండదు, ఈగ గడప దాటలేదు, దాచుకున్నది తిని బతకాలి. అది చాలకపోతే తాటిబెల్లం నీళ్ళు దొన్నెలో పోసి కుండ నోట పెట్టాలి. చీమ ఎక్కకుండా గోడకు బూడిద రాయాలి. పట్టును తినే పురుగును వెదురుపుల్లతో ఏరాలి. కార్తీకంలో వెర్రినువ్వుల చేలు పూసేదాకా ఇదే చాకిరీ, చుక్క తేనె చేతికి రాదు. కుండలో మిగిలిన ఆ వాననాటి తేనెను గూడెంలో 'ఈగల వంతు' అంటారు. ఆ వంతు ముట్టినవాడింటికి పెళ్ళికైనా, చావుకైనా ఎవరూ వెళ్ళరు.

ఆషాఢంలో ధూమ్రకేశుడి భటులు వచ్చింది ఆ వంతు కోసమే. కుండంలో తేనె పోస్తేనే పొగ చిక్కబడుతుందట. గునపాలతో గోడలు పగలగొట్టి పట్లు పిండుకుపోయారు. కొన్నాళ్ళకు ఏ కుండ మూత తీసినా ఒకటే. మిగిలిన పట్టు ముక్కల ఖాళీ గదుల్లో తలలు దూర్చి, తోకలు మాత్రం బయటికి కనిపిస్తూ, వరసలు వరసలుగా ఆకలికి చచ్చిపోయిన ఈగలు. అడుగున దూదిపింజల్లా పురుగు గూళ్ళు. ముసలివాళ్ళు ఆ కుండలను తీసుకెళ్ళి మనుషుల పక్కనే పూడ్చిపెట్టారు.

ఏచన భార్య మైలమ. ఈగల పనిలో గూడెం మొత్తానికి ఆమె మాటే మాట. సగమైనా వదలమని అడిగి వస్తానంటూ ఆమె భటుల వెంట కోటకు నడిచింది. ఏచన వద్దన్నాడు. "ఆళ్ళూ మనుసులే గదా, సెప్తే ఇంటారు," అంది. తిరిగి రాలేదు. కొండ ఆడవాళ్ళను తేనెశాలలో పట్లు పిండటానికి పెట్టారనీ, వాళ్ళకు ఊరూ పేరూ గుర్తు లేవనీ తరువాత తెలిసింది. ఏచనకు రాజ్యం మీద చింత లేదు. రాజు మీద అసలే లేదు. అతనికి మైలమ కావాలి. ఈ మాట, యువరాజు గూడేనికి వచ్చిన మొదటిరోజే, దాపరికం లేకుండా అతనికి చెప్పాడు.

కావడిలో ఉన్నది గూడెంలో బతికి మిగిలిన ఒకే ఒక్క కుండ. మేకల కొట్టం వెనక గోడలో ఉండబట్టి భటుల కంటపడలేదు. దాన్ని కప్పంగా తేనెశాలలోకి తీసుకెళ్ళాలి. కుండం పక్కన నేలకేసి కొట్టాలి. భటులు కుట్లకు పరుగెత్తుతుంటే వీరధవళుడు పక్కనున్న వాననీటి తొట్టి తూము ఎత్తి కుండాన్ని ఆర్పాలి. పొగ పోతే జనం లేస్తారు. మైలమా లేస్తుంది.

"మరి ఈగలు?" అన్నాడు యువరాజు.

"సచ్చిపోతాయి. ఆఖరి కుండ నాశినం సేసేవని మైలమ నన్ను తిడతాది." ఏచన కావడి అతని భుజానికెత్తాడు. "తిట్టాలంటే ముందు నన్ను గుర్తుపట్టాల గదా. అది సాలు నాకు."

కోటద్వారం దగ్గర భటుల ముక్కులకు రాగి తొడుగులు ఉన్నాయి. వాళ్ళు మాట్లాడితే జలుబు చేసినవాళ్ళు మాట్లాడినట్టు ఉంది. వాళ్ళ నాయకుడు గండ్రన అనేవాడు. ఎత్తరి, ఒక కన్ను చిన్నది, అనుమానం పెద్దది. బల్లెం మొనతో కుండను తట్టాడు.

"ఏముంది ఇందులో?"

"తేనెయ్యా. ఈగలతో సహా తెచ్చేం. ముందే పిండేత్తే వానకి పులిసిపోద్ది. కుండం కాడ అప్పటికప్పుడు పిండితే పొగ బాగుంటాది."

గండ్రన నమ్మకం లేక చెవి ఆనించాడు. లోపలి నుంచి బుస్సుమనే మోత వినబడగానే చెవి వెనక్కి లాక్కున్నాడు. పక్కనున్న భటుడు నవ్వబోయి, నాయకుడి చిన్న కన్ను చూసి మానుకున్నాడు.

"దారిలో మీసాల ఏచన అనేవాడు కనిపించాడా?"

"కనిపించేడయ్యా. తూరుపు కొండల కేసి పోతన్నాడు. ఆ మీసం సూత్తే సంటిపిల్లోడైనా గుర్తుపడతాడు. అంత మీసం ఎట్టుకుని ఎక్కడ దాక్కుంటాడో ఎర్రిమొహం."

గండ్రన ఇద్దరు రౌతులను తూర్పుకు తరిమాడు. తలుపులు తెరుచుకున్నాయి.

రాజవీధి ఒకప్పుడు అద్దాల అంగళ్ళతో, పట్టు తోరణాలతో, గంధం చల్లిన అరుగులతో మెరిసిపోయేది. అరుగులు ఇప్పుడూ ఉన్నాయి. వాటి మీద మనుషులు తలల మీంచి నీళ్ళు కారుతున్నా లేవకుండా కూర్చుని ఉన్నారు. ఒకామె పొయ్యి మీద ఉత్త కుండలో గరిటె తిప్పుతోంది. ఆమె కాళ్ళ దగ్గర పసివాడు ఏడ్చి ఏడ్చి గొంతుపోయి నోరు మాత్రం తెరుస్తున్నాడు. ఇంకో ఇంటి కప్పు ఒక మూల అంటుకుని రగులుతుంటే, ఇంటాయన కిందే పడుకుని దాన్ని చూస్తున్నాడు. ఏచన ఆగబోయాడు. వెనకనుంచి భటుడు బల్లెం కర్రతో వీపు మీద పొడిచాడు. ఏచన నడిచాడు. అది అతనికి చాలాకాలం మనసులో మిగిలిపోయింది.

మండపం దగ్గర పాయసం వరస. ఆకుదొన్నెలు పట్టుకుని జనం వానలో నిలబడ్డారు. ఆ వరసలో, ఒక చాకలి వెనక, ఒక పూటకూళ్ళమ్మ ముందు, చిరిగిన జరీ ఉత్తరీయంతో ఒక వృద్ధుడు ఉన్నాడు. దొన్నెలో వాననీరు చేరుతుంటే పారబోసి మళ్ళీ పడుతున్నాడు. వెనక కావడి కిర్రుమంది. కుండలో మోత ఒక్కసారి పెరిగింది.

"మా నాన్న," అన్నాడు వీరధవళుడు, పెదవులు కదలకుండా.

"సూడకు."

"దొన్నె చిల్లు పడింది ఏచనా. కారిపోతోంది."

"ఒరేయ్, ఏటా నిలబడ్డం? నడు," అని ఏచన భటులు వినేలా కసిరాడు. తరువాత గొంతు తగ్గించి, "నడు దొరా. నీ కాళ్ళు పట్టుకుంటాను, నడు," అన్నాడు. యువరాజు తండ్రి పక్కనుంచి, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా, కావడి మోసుకుంటూ వెళ్ళాడు. మహారాజు కావడివాడికి దారి వదిలి, మర్యాదగా పక్కకు తప్పుకున్నాడు.

తేనెశాల అంటే ఒకనాటి నాట్యశాల. స్తంభానికో నర్తకి శిల్పం, పైకప్పులో విచ్చుకున్న వెయ్యి రేకుల తామర, నేల మీద నీలిరాళ్ళతో పరిచిన నెమళ్ళు. ఆ నెమళ్ళు తేనె జిగటకు నల్లబడి కాళ్ళకు అంటుకుంటున్నాయి. నర్తకుల చేతులకు మైనం గుడ్డలు ఆరేశారు. శాల చివర మహాకుండం తెల్లగా బుసకొడుతోంది. దాని పక్కన వాననీటి తొట్టి, అనుకున్నట్టే ఉంది. గోడ పొడవునా కొండ ఆడవాళ్ళు మోచేతుల దాకా చేతులు ముంచి పట్లు పిండుతున్నారు. ఏ గూడెం నుంచి తెచ్చినవో, తెల్లని పిల్లపురుగులు కూడా తేనెతోపాటు పిడికిళ్ళలో పడి నలుగుతున్నాయి. ఈగల మనిషి ఎవరూ చెయ్యని పని అది.

కిటికీ పక్కన తేనె తొట్టి దగ్గర మైలమ ఉంది.

చిక్కిపోయింది. ముంజేతి మీద ఎప్పటివో కుట్లు, జుట్టుకు మైనం పేలికలు. యువరాజు కావడి దించగానే ఏచన అందులోంచి జాడీ తీసుకుని ఆమెకు ఎదురుగా వెళ్ళి, కావాలనే చప్పుడు చేస్తూ దించాడు. ఆమె తల ఎత్తింది. ఆమె చూపు అతని మొహం మీదికి వచ్చి, గోడ మీదికి వెళ్ళి, తిరిగి తొట్టిలోకి దిగిపోయింది. మీసం లేదు గదా, అందుకే అనుకున్నాడు ఏచన.

ఇంతలో వెనకనుంచి జలుబు గొంతు వినిపించింది. "ఆగు."

గండ్రన వాళ్ళ వెంటే వచ్చాడు. యువరాజు భుజం మీది గుడ్డను బల్లెంతో పక్కకు నెట్టి, చిన్న కన్ను ఇంకా చిన్నది చేశాడు. "కావడి మోసేవాడి భుజాన కాయ లేదేం? పచ్చి పుండు. ఇవాళే పడ్డ పుండు." బల్లెం మొన వీరధవళుడి గొంతు గుంటలో ఆగింది. "నువ్వు కుండ విప్పు. తేనె లేకపోతే వీడి గొంతులోంచి వచ్చేది కుండంలో పోస్తా."

కుండను అప్పుడే నేలకేసి కొట్టాలి. ఏచన కొట్టలేదు, కొడితే బల్లెం దిగుతుంది. మూత విప్పుతూ అదను చూసుకుందామనుకున్నాడు. మెత్తిన మట్టి గిల్లాడు, మూత కదిలించాడు. అప్పుడు అతని చెయ్యి తనంతట తాను నడుముకు పోయింది. అక్కడ పిడక నిప్పుతో ఉన్న పొగముంత వేలాడుతోంది. ముట్టే ముందు పొగ, ఇది తాతముత్తాతల నుంచి వచ్చిన అలవాటు. కళ్ళు బల్లెం మీద ఉన్నాయి, మనసు మైలమ మీద ఉంది, చేతులు ఎప్పుడూ చేసే పని చేశాయి. ముంత కుండ నోటికి ఆనించి ఊదాడు. మళ్ళీ ఊదాడు.

ఊదాక తెలిసింది.

వానాకాలపు కుండకు పొగ పెట్టకూడదని జుంటిగూడెంలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. లోపల తాగడానికి తేనె ఉంటే ఈగ పొగకు లొంగుతుంది. తేనె లేకపోతే దానికి ఆ ఇంట్లో ఉండే పని లేదు. ఈ కుండ నెల రోజులుగా బెల్లం నీళ్ళ మీద బతుకుతోంది. కుండలో మోత ఆగిపోయింది. ఒక క్షణం ఏమీ వినబడలేదు. తరువాత, కందులు పళ్ళెంలో పోసినట్టు, లోపల కాళ్ళ చప్పుడు.

"దొరా, తూము," అన్నాడు ఏచన. ఇక దాచి లాభం లేదు.

కుండ నోట్లోంచి ఈగలు ఒక్క పెట్టున బయటపడ్డాయి. కుట్టడానికి కాదు, పోవడానికి. శాల నిండా గోధుమరంగు సుడి లేచింది. అవి కుట్టవని ఏచనకు తెలుసు గానీ భటులకు తెలియదు. ఒకడు బల్లెం పారేసి పైకప్పు తామర కింద నుంచి బయటికి పరుగెత్తాడు. ఇంకొకడు చేతులు విసిరి రెండు ఈగలను నలిపాడు, దాంతో తన కుట్లు తాను తెచ్చుకున్నాడు. గండ్రన మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్న ఆ లిప్తలో వీరధవళుడు బల్లేన్ని తోసి, కావడి బద్దతో అతని మోకాలు విరగ్గొట్టి, కుండం వైపు దూకాడు. తూము గొలుసు పట్టుకున్నాడు. లాగాడు. అది తుప్పుపట్టి ఉండి అతని చేతిలోకి ఊడి వచ్చింది, తూము కదల్లేదు.

కుండం అవతలి నుంచి కొత్త భటులు దిగుతున్నారు. బాణం ఒకటి నర్తకి శిల్పపు ముక్కు ఎగరగొట్టింది. యువరాజు ఏచన వైపు చూశాడు. "పో దొరా," అన్నాడు ఏచన. రెండో బాణం వీరధవళుడి తొడలో దిగింది. అతను దాంతోనే కుంటుకుంటూ, తొట్టి పక్కనుంచి గోడ వైపు పారే వాననీటి కాలువలోకి దొర్లాడు. నీరు అతన్ని గోడలోని తూములోకి, అక్కడి నుంచి ఏనుగు తొండంలోకి లాక్కుపోయింది. ఎక్కడో బయట గంట ఒకటి అడ్డదిడ్డంగా మోగింది. అగడ్తలో మొసళ్ళుంటాయని ఊళ్ళో అందరికీ తెలుసు.

ఏచన పారిపోలేదు. పారిపోతే మైలమ ఇక్కడే ఉంటుంది.

కొత్త భటులు ఈగలకు జంకి కుండం దగ్గరే ఆగారు. ఈగల సుడి కిటికీ వైపు తిరిగింది. పొగ లేని గాలి అటునుంచే వస్తోంది. అయితే ముసలి రాణి గుడ్ల బరువుతో ఎంతో దూరం ఎగరలేదు. అది కిటికీ దాకా కూడా పోలేక, దారిలో ఉన్న మైలమ భుజం మీద వాలింది. దాని వెనక పది, వాటి వెనక వంద. చూస్తుండగానే ఆమె భుజం, మెడ, చెంప ఈగలతో కప్పుకుపోయాయి. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పొగమత్తులో అలాగే పిండుతున్నారు. ఒక్కసారి బెదిరి చెయ్యి విసిరితే చాలు, ఇన్ని ఈగలు ఒకేసారి కుడితే మనిషి నిలవదు. ఏచన అరవడానికి భయపడ్డాడు, ముందుకు అడుగు వెయ్యడానికి భయపడ్డాడు.

మైలమ బెదరలేదు. తొట్టిలోంచి చేతులు మెల్లగా తీసింది. పక్కనున్న నీళ్ళలో ముంచి తేనె కడుక్కుంది. కళ్ళు మూసుకుని, ఊపిరి ముక్కుతో సన్నగా వదులుతూ, వేళ్ళతో భుజాన్ని తడిమి రాణి ఎక్కడుందో చూసుకుంది. ఏచన ఆ పద్ధతి గుర్తుపట్టాడు. ఇది మాఘమాసపు మైలమ. ఇలాగే కానుగ కొమ్మ కింద నిలబడి, గుత్తి దింపుతూ, తుమ్మావంటే చంపేస్తానని అతన్ని బెదిరించిన మైలమ.

"నువ్వే," అంది ఆమె, కళ్ళు తెరవకుండా. "గుండోడివి. బుట్ట ఉందా?"

"ఉన్నాది," అన్నాడు ఏచన. మైనం బుట్ట ఒకటి ఖాళీ చేసి పట్టుకొచ్చి ఆమె భుజం కింద పెట్టాడు.

"ఇంకా పైకి. ఊపిరి ఆటి మీద వదలకు."

అప్పుడు శాలలో అలికిడి ఆగింది. ధూమ్రకేశుడు వచ్చాడు. పొట్టి మనిషి, తెల్లని నూలు పంచె, మెడలో తులసిపూసలు. జుట్టు మాత్రం వెంట్రుకలు కాదు, పొగే. తలమీంచి పాయలుగా లేచి వీపు వెనక కరిగిపోతోంది. గండ్రన మోకాలు పట్టుకుని మూలుగుతుంటే అతన్ని దాటుకుని వచ్చి, ఈగలు కప్పిన మైలమను, బుట్ట పట్టుకున్న ఏచనను కాసేపు ముచ్చటగా చూశాడు.

"ఇంత పొగలో కూడా పని మరవలేదే తల్లీ," అన్నాడు. గొంతు మెత్తగా ఉంది. "గండ్రనా, ఏడవకు. నాకు తేనె తెచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. తేనె పుట్టించేవాళ్ళే తరిగిపోతున్నారు. అమ్మా, వీడెవడు? నీకు తెలుసా?"

మైలమ కళ్ళు తెరిచింది. ఏచన మొహం ఆమెకు జానెడు దూరంలో ఉంది. ఆమె దాన్ని నుదుటి నుంచి గడ్డం దాకా, సంతలో మేకను చూసినట్టు, శ్రద్ధగా చూసింది.

"తెలీదు సామీ. సెయ్యి వణకడం నేదు, ఈగల మనిసే. సంపేత్తే ఏటి లాభం? నాకిచ్చేయండి, తొట్టి మోత్తాడు."

"నీ సంగతేమిటి నాయనా?" ధూమ్రకేశుడు ఏచన వైపు తిరిగాడు. అతని జుట్టు పాయ ఒకటి సాగి ఏచన చెవి దగ్గర ఆగింది. "జుంటిగూడెం ఏచన పెళ్ళాం ఒకతె ఈ ఆడవాళ్ళలో ఉందని చెప్పారు. ఎవరో తెలిస్తే వాళ్ళిద్దరినీ ఒకే కుండంలో వేద్దామని ఉంది. ఈమె నీకు తెలుసా?"

ఈగలు బుట్టలోకి ఒక్కొక్కటే దిగుతున్నాయి. ఏచన చేతులు కదలలేదు.

"తెలీదయ్యా," అన్నాడు. "ఇదే సూడ్డం."

మాంత్రికుడు చాలాసేపు అతని కళ్ళలోకి చూసి, తలూపాడు. భటులు తలుపులు మూసి గడియలు వేశారు. కిటికీ బయట వెలుగు తగ్గుతోంది. ఏ మండపంలోనో మొదటి దీపం వెలిగింది; ఏచన కడుపులోని పసరు బలం ఇక కాసేపే.

"నీ పేరేటయ్యా?" అంది మైలమ, రాణిని రెండు వేళ్ళ మధ్య బుట్టలోకి దించుతూ.

ధూమ్రకేశుడు ఇంకా గడప దగ్గరే నిలబడి వింటున్నాడు.

"సూరడు."

"సూరడా, బుట్ట అలాగే పట్టుకో. ఇల్లు పోయిన ఈగలివి. కొత్తమనిసి సెయ్యి కదిలితే ఓర్సుకోవు."